ఆ కేక ఎర్రమ్మది

నా ఫోను మోగితే కుర్సం ఎర్రమ్మ గొంతు వినిపిస్తుంది. "తడాకు! పక్కకెట్టు!" అని ఒక కేక, దాని వెంట డీజే దరువు. ఆరేళ్ళుగా ఆ ఫోనుకు అదే పిలుపు. పోయిన శుక్రవారం తెల్లవారి నమాజు ముగించి లేస్తుండగా ఆ కేక పడింది. ఎత్తితే డీజే నాగేశు. "బూబమ్మగారూ, ఎర్రమ్మగారు పోయారండీ" అన్నాడు. నేను వాణ్ణి కసిరాను. ఇప్పుడే కదా ఆమె నన్ను కేకేసింది, పోవడమేమిటి! వాడు ఏడుస్తూ మళ్ళీ చెప్పాడు. అప్పటికి గాని నేను నమ్మలేదు.

ఆమె మరణం నన్ను కుంగదీసింది. మర్నాడు వచ్చిన వార్తలు నన్ను మళ్ళీ నిలబెట్టాయి. ఎందుకంటే వాటిలో ఒక్క ముక్కా సరిగ్గా లేదు. ఎనభయ్యేళ్ళ వృద్ధురాలు అని రాశారు. నాకు డెబ్బై నాలుగు, ఆమె నాకన్నా రెండేళ్ళు చిన్నది. తీసివేత రానివాళ్ళు చావు వార్తలు రాయకూడదు. ఆమె కేక ఉన్న ఆ పాట అడవి తల్లి ఒడిలో పుట్టిన జానపదం అని రాశారు. ఆ పాట జానపదం కాదు. రీమిక్స్‌లో కేకను డీజేవాళ్ళు కలిపారని రాశారు. కలపలేదు. చివరికి, తన పాటను డీజే పాడుచేసిందన్న బెంగతో ఆమె కన్నుమూసిందని కూడా రాశారు. ఈ మాట దగ్గర నేను పత్రిక మడిచి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఈ వ్యాసం మొదలుపెట్టాను. మౌనం పాటించి నివాళి అర్పించేవాళ్ళు అర్పించండి. నేను మాట్లాడే అర్పిస్తాను. ఎర్రమ్మకు మౌనం నచ్చేది కాదు.

మాది ఇల్లందు. మా నాన్న తునికాకు వ్యాపారం చేసేవారు. బీడీలు చుట్టే ఆకు అది. ఆయనకు చూపు తగ్గాక అడవిలోని మా కల్లంలో లెక్క నేను చూశాను. పెళ్ళి కావలసిన ఆడపిల్ల కల్లంలో కూర్చోవడమేమిటని మావాళ్ళు గొడవ చేశారు. కూర్చున్నాను. అక్కడే ఎర్రమ్మను చూశాను. రాళ్ళవాగు అవతల కోయగూడెం ఆమెది. భర్త బొగ్గుబావిలో పనిచేస్తూ వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. తమ్ముడు ముత్తయ్య సంసారమే ఆమె సంసారం.

కల్లం అంటే తెలియనివారి కోసం చెబుతాను. ఎండాకాలంలో ఆడవాళ్ళు తెల్లవారకముందే అడవికి పోయి తునికాకు కోస్తారు. ఇంటికొచ్చి యాభై ఆకులకొక కట్ట కట్టి, సాయంత్రం కల్లానికి తెస్తారు. ఇసుక పరిచిన నేల మీద ఆ కట్టలను వరసలుగా పేర్చి ఎండబెట్టాలి, తిప్పుతూ ఉండాలి. ఒక్క తడి కట్ట మధ్యలో ఉండిపోతే చుట్టూ ఉన్నవి బూజు పడతాయి. అందుకని వరస చివర అనుభవం గల ఒక మనిషిని కూర్చోబెడతారు. ఆ మనిషి ఎర్రమ్మ. కట్ట చేతిలో పడగానే ఆమెకు తడి తెలిసిపోయేది. "తడాకు! పక్కకెట్టు!" అని కేక వేసేది. ఆ కేక వినపడగానే వరసలోని ఆడవాళ్ళంతా ఒక అడుగు ఎడమకు జరిగేవారు. ఆ సందులోంచి తడి కట్ట విడిగా ఉన్న ఇసుక మీదికి పోయేది. ఎవరూ ఆలోచించి జరిగేవారు కారు. చంటిపిల్లకు పాలిస్తున్నదైనా సరే, పిల్లతో సహా జరిగేది.

ఆ తడి కట్టను ఎర్రమ్మ పారేయనిచ్చేది కాదు. మర్నాడు తానే ఎండబెట్టి, ఎవరిదో వాళ్ళ వరసలో పెట్టేది.

ఒకసారి ఆకు కొనడానికి వచ్చిన సేటు మనిషి ముత్తయ్య భార్య తెచ్చిన ఆకంతా కాలితో పక్కకు తోశాడు. ఆమె అప్పుడు పచ్చి బాలింత. ముందురోజు వాన కురిసింది. అడుగున ఒక కట్ట తడిసి ఉంది. "ఈ ఆడమనిషి ఆకు రేపటి నుంచి తీసుకోవద్దు" అన్నాడు సేటు మనిషి. ముత్తయ్య అక్కడే తల వంచుకుని నిలబడ్డాడు. ఎర్రమ్మ వరస చివరి నుంచి లేచి వచ్చింది.

"ఏంది సారూ, కాలుతోని తంతున్నవ్? ఆకా, బంతా?"

"తడి ఆకు తెచ్చింది. నీకు కనపడ్తలేదా?"

"కనపడ్డది. నీకన్న ముందే నా చేతికి కనపడ్డది. ఒక్క కట్ట తడిస్తె ఒక్క కట్ట పక్కకెట్టు. మనిషినెందుకు పక్కకెడ్తవ్?"

అతను నావైపు చూశాడు, లెక్క రాసేదాన్ని నేను కాబట్టి. నేను గట్టిగా చదివాను: తడి కట్ట ఒకటి, మిగిలినవి పొడి. ఆడవాళ్ళు వరసలోంచి కదలకుండా నిలబడ్డారు. అతను ఆకు తీసుకున్నాడు, తర్వాతి రోజూ తీసుకున్నాడు. ఎర్రమ్మ అన్న ఆ మాటను నేను తర్వాత చాలా చోట్ల వాడుకున్నాను, మా బంధువుల మధ్య పంచాయితీల్లో కూడా. ఇప్పటివరకు దానికి ఎదురు చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు.

ఇక పాట సంగతి. క్యాసెట్ల కాలంలో ఖమ్మంలో క్యాసెట్లు అమ్మే ఒకాయన ఉండేవాడు. సంతలో రిబ్బన్లు అడిగే పిల్ల మీద ఆయన తానే ఒక పాట కట్టాడు. పట్నం వరస, ప్యాడ్‌ల దరువు, అన్నీ అప్పటి ఫ్యాషన్. దాన్ని ఎర్రమ్మకు నేర్పి పాడించాలని పట్టుబట్టాడు. ఒకసారి ఆకు లారీ ఎక్కి మా కల్లానికి వచ్చినప్పుడు ఆమె గొంతు విని వదల్లేదు. కాబట్టి ఆ పాట రాసింది ఒక షాపాయన, షాపు పైగదిలో, టీ తాగుతూ. దాన్ని అడవితల్లి ఒడిలో పడుకోబెట్టనవసరం లేదు.

రికార్డింగుకు నేను తోడు వెళ్ళాను. గది గోడలకు బొంతలు కొట్టారు. ఫ్యాను ఆపేశారు. మైకు ముందు నిలబడితే ఎర్రమ్మకు గొంతు పెగల్లేదు. షాపాయన నీళ్ళిచ్చాడు, సోడా ఇచ్చాడు, తిట్టాడు. చివరికి ఆమె నాతో అన్నది:

"బూబమ్మా, చేతుల పని లేంది నాకు పాట రాదే. ఒట్టి చేతులేసుకొని పాడనీకి నేనేమన్న పెండ్లికూతురునా?"

నా సంచిలో ఖమ్మం వ్యాపారులకు చూపించడానికి తెచ్చిన ఆకు కట్టలున్నాయి. అవి ముందు పోశాను. ఆమె కింద కూర్చుని కట్టలు తిప్పుతూ పాడింది. ఏం పాడిందని! ప్యాడ్‌లు కొట్టే అతను కొట్టడం మరచి రెండుసార్లు తాళం తప్పాడు. పాట సగంలో ఉండగా ఒక కట్ట ఆమె చేతిలో ఆగింది. బస్సు పైన సంచి వానకు తడిసిందని నాకు తెలియదు. "తడాకు! పక్కకెట్టు!" అని గది దద్దరిల్లేలా కేక వేసి, ఏమీ జరగనట్టు మళ్ళీ పాటలోకి వెళ్ళింది. అలవాటుకొద్దీ నేను కుర్చీతో సహా ఎడమకు జరిగాను.

షాపాయన నెత్తి కొట్టుకున్నాడు. మళ్ళీ పాడమన్నాడు. "ఆఖరి బస్సు పోతది. నా మేకల నువ్వు కట్టేస్తవా?" అని ఎర్రమ్మ లేచింది. ఆ కేకతోనే క్యాసెట్ వచ్చింది. అమ్ముడుపోలేదు. విన్నవాళ్ళు నవ్వారు. సంతలో కుర్రకారు ఆమెను "ఓ తడాకూ" అని పిలిచేవారు. ఆమె వెనక్కి తిరిగి, "అవ్, తడాకునే. నువ్వు ఎండినాకువా? జర జాగ్రత్త బిడ్డా, నిప్పంటుకుంటది" అనేది. ఇల్లందు సంతలో ఆమె మీద మాటకు మాట నెగ్గినవాణ్ణి నేను చూడలేదు.

తర్వాత ఆ పాటను లోకం మరచిపోయింది. ఆరేళ్ళ కిందట వేంసూరు కుర్రాడు నాగేశు, పెళ్ళిళ్ళకు డీజే పెట్టేవాడు, మేనమామ అటక మీద ఆ క్యాసెట్ చూశాడు. పాటను ముక్కలు చేసి, వేగం పెంచి, దరువు వేసి, ఆ కేకను మళ్ళీ మళ్ళీ వచ్చేలా పెట్టాడు. తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. ఎర్రుపాలెం నుంచి భద్రాచలం దాకా బరాత్ అంటే అదే, వినాయకుడి నిమజ్జనమంటే అదే. మా మనవరాలి నిఖా విందులో కూడా అదే పెట్టారు. కాజీగారు మెట్లు దిగేదాకా ఆగారు, అది వాళ్ళ మర్యాద.

నాగేశు భయపడుతూ గూడెం వచ్చాడు. నన్నూ పిలిచారు. పాట వినిపించి చేతులు కట్టుకు నిలబడ్డాడు. "తప్పయితే తీసేస్తానండీ."

ఎర్రమ్మ మొదటిసారి ఊరుకుని వింది. రెండోసారి మోకాళ్ళ మీద చేతులాడించింది. మూడోసారి లేచి నిలబడింది. నాగేశు తెచ్చిన వీడియోలో అమ్మాయిలు నడుము తిప్పుతున్నారు. "గది కాదు. గా కేకకు నడుమెందుకు తిప్పుడు? గిట్ల. ఒక్క అడుగు. ఎడమకు" అని చూపించింది. నాగేశు వీడియో మళ్ళీ తీశాడు. ఈ రోజు పెళ్ళి పందిళ్ళలో వందలమంది కేక వినగానే ఒక్కసారిగా ఎడమకు జరుగుతున్నారే, ఆ అడుగు మా కల్లంలోది. ఏ నృత్య దర్శకుడూ పెట్టింది కాదు.

ఆమెకు కష్టం బయటి నుంచి రాలేదు, తమ్ముడి నుంచి వచ్చింది. ముత్తయ్య గూడేనికి పెద్ద, డోలు కొట్టేది కూడా అతనే. ఒక పెళ్ళిలో తాగినవాడొకడు ఎర్రమ్మను పేరు పెట్టి పిలిచి ఆడమన్నాడు. ఆమె ఆడింది. ఒక్క అడుగు ఎడమకు వేసి, వాడు ముందుకు తూలి పడితే, "తడాకు" అని చూపించింది. పందిరంతా నవ్వింది. ముత్తయ్య నవ్వలేదు. ఆ పాట గూడెంలో మోగకూడదని కట్టడి చేశాడు. విత్తనాల పండుగలో అక్క ముందు నిలబడి పాడటం కూడా ఆపించాడు. అంతవరకు ఆ పండుగలో మొదటి గొంతు ఆమెదే.

ఆమె ఏడ్చిందని అనుకోకండి. ఫోను గుమ్మంలో పెట్టి పూర్తి శబ్దంతో ఆ పాట వేసింది. ముత్తయ్య వచ్చి అరిచాడు.

"బంద్ చెయ్యి అక్కా. గూడెం పరువు పోతాంది."

"పరువు నా గొంతుల ఉన్నదారా, నీ చెవుల ఉన్నదా? నా ఇంట్ల నా గొంతుకు నువ్వు తాళమేస్తవా?"

ఆమె కట్టడిని లెక్క చేయలేదు, తమ్ముడు కట్టడి ఎత్తలేదు. రోజూ అతనికి జావ కాచి పంపేది. గిన్నె ఖాళీగా తిరిగి వచ్చేది, మాట మాత్రం వచ్చేది కాదు. అలా రెండు పండుగలు గడిచాయి.

పోయిన వానాకాలంలో దవాఖానాకు వచ్చినప్పుడు ఆమె మా ఇంట్లో ఉంది. ఊపిరి సరిగ్గా ఆడటం లేదు. అప్పుడడిగింది, ఒక్కటే అడిగింది.

"నేను పోయిన్నాడు డోలు కొడ్తరు. కొట్టనీ. దాని తోడు నాగేశుతోని పాట పెట్టియ్యి. పాత క్యాసెట్ కాదు. డీజేదే."

"అసలు పాట వదిలి డీజేది ఎందుకే?"

"అసలు ఎవరిదే? పాట షాపాయనది. దరువు నాగేశుది. ఆ కేక ఒక్కటే నాది. క్యాసెట్ల ఒక్కసారే వస్తది. డీజేల ఎన్నిసార్లొస్తదో చూడు."

"పదకొండుసార్లు" అన్నాను.

"లెక్కపెట్టినవా?"

"నేనెన్నడు పెట్టలే?"

ఆమె నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వింది. నేను మాటిచ్చాను. నేనిచ్చే మాటలు తక్కువ, తప్పినవి లేవు.

శుక్రవారం నేను గూడెం చేరేసరికి వాగు ఇవతల నుంచే జనం. ఇల్లందు, ఖమ్మం కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద వచ్చారు. చేతుల్లో ఫోన్లు. మావాళ్ళలో ఆడవాళ్ళు కాటికి వెళ్ళరు. ఆ రోజు వెళ్ళాను, ఎవరైనా అడిగితే ఈ వ్యాసమే నా జవాబు. నాగేశు ట్రాలీ ఆటోలో రెండు పెద్ద పెట్టెలు తెచ్చి, గూడెం బయట ఆపి, నా వంక చూస్తున్నాడు. ఖమ్మం నుంచి ఒక కళాసంఘం పెద్దాయన కూడా వచ్చాడు. పాత క్యాసెట్ పాటను శుభ్రం చేయించి తెచ్చాడట. ఆ కేకను కూడా తీయించాడట. "ఇది స్వచ్ఛమైన పాటమ్మా, ఇది పెట్టిద్దాం" అన్నాడు. "అయ్యా, మీరు ఎర్రమ్మను తీసేసి రిబ్బన్లు తెచ్చారు" అన్నాను. ఆయన ఇప్పటికీ నా మీద కోపంగా ఉన్నాడని విన్నాను. ఉండనివ్వండి.

ముత్తయ్యతో అంత తేలిక కాలేదు. డోలు మెడకు వేసుకుని అక్క కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"ముత్తయ్యా, మీ అక్క అడిగింది. ఆ పాట పెట్టాలె."

"వద్దు బూబమ్మా. డోలు పోయినోళ్ళకు దారి చూపుతది. మా పెద్దల మాట. ఆ డీజే మోతల మా అక్కకు డోలు వినపడదు. దారి తప్పుతది. బతికున్నన్నాళ్ళు నా మీద కోపమొస్తె రానియ్యి, ఇప్పుడు దారి తప్పితె నేనేడికి పోయి తెచ్చుకోవాలె?"

పరువు మాట కాదు, భయం మాట అది. దాన్ని కొట్టిపారేయడానికి నాకు నోరు రాలేదు. కాని నేను మాటిచ్చాను. "నీ భార్య ఆకు కాలుతోని తోసిన్నాడు మీ అక్క ఏమన్నది?" అని మాత్రం అడిగాను. అతను నన్ను చూశాడు. డోలు మీద చెయ్యి వేశాడు. నలుగురూ పాడె ఎత్తారు.

గూడెం నుంచి కాటికి పోయే దారి ఒక బండికి సరిపడా వెడల్పు. రెండు పక్కలా వెదురు కంచె. ఆ దారి నిండా జనం. కుర్రాళ్ళు పాడెకు ఎదురుగా వెనక్కి నడుస్తూ ఫోన్లలో తీస్తున్నారు. వెనకనుంచి ఇంకొందరు తోస్తున్నారు. కంచె దాటే ముందే పాడె ఆగిపోయింది. "జరగుర్రి! దారియ్యుర్రి!" అని ముత్తయ్య అరిచాడు. గొంతు పగిలేలా అరిచాడు. డోలు వాయించాడు. ఆ గోలలో డోలు అతనికే వినిపించలేదు. మోసేవాళ్ళ భుజాలు వణుకుతున్నాయి. పాడె ఒక పక్కకు ఒరిగింది. తెల్లగుడ్డ కింద ఎర్రమ్మ చెయ్యి, కట్టలు తిప్పిన ఆ చెయ్యి, బయటికి జారింది.

ముత్తయ్య అటూ ఇటూ చూశాడు. నాకేసి చూశాడు. డోలు మీది చెయ్యి ఎత్తి, అంత దూరంలో ఉన్న నాగేశుకు సైగ చేశాడు.

నాగేశు తెలివైనవాడు. దరువు వేయలేదు. పాట వేయలేదు. ఒక్క కేక వదిలాడు.

"తడాకు! పక్కకెట్టు!"

ఆమె గొంతు అడవి అంతా నిండింది. దారిలో నిలబడ్డ కుర్రాళ్ళందరూ, ఫోన్లు చేతుల్లో ఉండగానే, ఒక్క అడుగు ఎడమకు జరిగారు. పెళ్ళిళ్ళలో నేర్చిన అడుగు. వాళ్ళ మధ్య కర్రలూతగా నిలబడ్డ మా కల్లం ముసలమ్మలు, వాళ్ళూ ఒక్క అడుగు ఎడమకు జరిగారు. ఎండల్లో నేర్చిన అడుగు. నేనూ జరిగాను. కళాసంఘం పెద్దాయన కూడా జరిగాడు, నేను చూశాను. ఎవరూ ఆలోచించలేదు. కంచె పొడవునా దారి తెరుచుకుంది, కల్లంలో కట్ట పోయేటంత తిన్నగా. ఆ నిశ్శబ్దంలో ముత్తయ్య డోలు మొదటిసారి స్పష్టంగా వినిపించింది. ఎర్రమ్మ ఆ దారిలో వెళ్ళింది.

మలుపు దగ్గర మళ్ళీ జనం గుమిగూడారు. ముత్తయ్య డోలు ఆపలేదు. తల మాత్రం తిప్పి, "మళ్ళొక్కసారి ఏస్కో బిడ్డా" అన్నాడు, ఆటోతో వెనకే వస్తున్న నాగేశుతో. తర్వాత ప్రతి మలుపులోనూ అన్నాడు. కాటి దగ్గర, ఎవరూ అడగకుండానే, పాట మొత్తం వేయించాడు. దానికి డోలు కలిపాడు. తాళం ఒక్కచోట కూడా తప్పలేదు.

అందుకని పత్రికల వారికి, సభల్లో మాట్లాడబోయే పెద్దలకు ఈ ముసలిదాని మనవి, మనవి అనడం మర్యాద కోసం: ఆమె పాట పాడైపోలేదు. ఆమె కుమిలిపోలేదు. ఆమె అనామకురాలు కాదు. కుర్సం ఎర్రమ్మ, రాళ్ళవాగు అవతలి గూడెం, డెబ్బై రెండేళ్ళు. రాసేవాళ్ళు ఇలా రాయండి.

లోటు సంగతి అడిగితే, ఉంది. తడి ఆకును చేత్తో పట్టి చెప్పగలవాళ్ళు ఇప్పుడు కల్లాల్లో లేరు. తడి ఆకును పక్కన పెట్టి, మనిషిని వరసలోనే నిలిపేవాళ్ళు ఎక్కడా లేరు. ఆ చోటు నాతో నిండదు, మీతోనూ నిండదు. ఈ వాక్యం రాస్తుండగా నా ఫోను మోగుతోంది. ఆమె కేక వేస్తోంది. ఎవరు చేశారో తర్వాత చూస్తాను. ముందు కుర్చీ ఒక అడుగు ఎడమకు జరుపుకోవాలి.